మావయ్యగారి కాఫీ నురగ

ఒక వస్తువు కొనడానికి నాకు మూడు నెలలు పట్టింది. బంగారమో ఫ్రిజ్జో అనుకునేరు, కాదు. పాలకి నురగ తెప్పించే పరికరం. దాన్ని ఫ్రాదర్ అంటారని కూడా నాకు మొన్నమొన్నటి దాకా తెలీదు. "కాఫీ మిషనే లేని ఇంట్లో నురగ మిషనెందుకోయ్?" అని మావారు నవ్వారు. మా ఆడపడుచు నవ్వలేదు, కోప్పడింది. ఆ కోపం సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి పొద్దుటి కాఫీ సంగతి చెప్పాలి.

మాది సామర్లకోట. స్టేషనుకి దగ్గర్లోనే ఇల్లు. కాకినాడ వైపు మళ్లే బండి ఏదో, తిన్నగా విశాఖపట్నం పోయే బండి ఏదో మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా చప్పుడుని బట్టి చెప్పేస్తారు. 2003లో నేను కాపరానికొచ్చిన మర్నాడు, కొత్త కోడలిని కదా, అందరికంటే ముందు లేవాలని నాలుగున్నరకే లేచి మొహం కడుక్కుని వంటింట్లోకి వెళ్లాను. అక్కడ స్టవ్వు ముందు మావయ్యగారు! భుజాన తుండు, చేతిలో మసిగుడ్డ. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మండపేటలో మా పుట్టింట్లో మా నాన్న మంచినీళ్లు కూడా తన చేత్తో ముంచుకుని తాగరు. "అలా నిలబడిపోయావేం అమ్మాయ్, ఆ పీట మీద కూచో. డికాషన్ దిగుతోంది" అన్నారు మావయ్యగారు.

అత్తయ్యగారికి ఉబ్బసం. తెల్లవారుజామున చల్లగాలికి లేస్తే ఆయాసం ఎక్కువవుతుంది. అందుకని పెళ్లయిన కొత్తలోనే పొద్దుటి కాఫీ ఆయన తీసుకున్నారట. ఆయన రైల్వేలో లీవర్‌మాన్‌గా చేసి 2008లో రిటైరయ్యారు. ఇప్పుడంటే మీట నొక్కితే సిగ్నళ్లు మారిపోతున్నాయి గానీ, ఆయన చేరిన రోజుల్లో కేబిన్‌లో వరసగా నిలబెట్టిన ఇనప లీవర్లుండేవి. ఒక్కో లీవరు లాగితే దానికి కట్టిన తీగ అంత దూరం సాగి, అక్కడెక్కడో సిగ్నల్ రెక్క వాలేది. రాత్రంతా ఆ లీవర్లు లాగి, పొద్దున్నే ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని కాఫీ కలిపేవారట.

ఆ కలపడం ఒక వైభోగం లెండి. ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో గిన్నె. పై చెయ్యి నుదుటి దాకా లేచేది, కింద చెయ్యి నడుం దగ్గరే ఉండేది. మధ్యలో తాడులాగా కాఫీ. మూడే మూడు సార్లు. మూడోసారికి గ్లాసు మీద వేలెడు మందాన నురగ నిలబడేది. మా ఊరి కుమారారామంలో భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు ఉంటుంది, తెలుసు కదా. పైనించి అభిషేకం చేస్తారు. అత్తయ్యగారు మంచం మీద నించే, "అభిషేకం అయిందా, తీర్థం ఇస్తారా?" అని వేళాకోళం చేసేవారు. నురగ ఏ మాత్రం తగ్గినా మాత్రం వేళాకోళం ఉండదు. గ్లాసు ఆయన వైపు తోసేసి, "ఇది కాఫీయా, కుడితా?" అనేవారు. ఆయన మారు మాట్లాడకుండా మళ్లీ తిరగబోసి తెచ్చేవారు. ఇరవై రెండేళ్లుగా నా అలారం ఆ పోత చప్పుడే. ఇల్లాలినే గానీ పొద్దున్నే మొదటి స్టవ్వు నేను వెలిగించిన రోజులు చాలా తక్కువ. ఈ భాగ్యం ఎంతమంది కోడళ్లకి ఉంటుంది చెప్పండి!

మూడేళ్ల కిందట ఆయన చేతులు వణకడం మొదలైంది. కాకినాడలో డాక్టరుగారికి చూపించాం. మేం భయపడ్డట్టు పార్కిన్సన్ జబ్బు కాదన్నారు. ఎసెన్షియల్ ట్రెమర్ అట. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండదు. గ్లాసు ఎత్తబోతేనో, సంతకం పెట్టబోతేనో, అంటే చేతికి పని చెప్పబోతేనే వణుకు వస్తుంది. ప్రాణానికి ప్రమాదం లేదు. మాత్రలు రాశారు. కాఫీ కొందరికి ఈ వణుకుని పెంచుతుంది కాబట్టి తగ్గించమన్నారు. రోజుకి నాలుగు గ్లాసులు తాగే మనిషి ఒక్క గ్లాసుకి వచ్చారు. తిరగబొయ్యడం మాత్రం మానలేదు. మూడు సార్లు రెండయ్యాయి. నుదుటి దాకా లేచే చెయ్యి గుండెల దాకా లేచేది.

కిందటి సంక్రాంతికి, కనుమ రోజు పొద్దున్న, నేను వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన కింద వంగి నేల తుడుస్తున్నారు. గిన్నె బోర్లా పడి ఉంది. మణికట్టు ఎర్రగా కందిపోయింది. నేను చూశానని ఆయన చూశారు. చన్నీళ్లు పోస్తానంటే పొయ్యనిచ్చారు. ఆ తరవాత తుండుతో చెయ్యి కప్పుకుని, "రేపట్నుంచి నువ్వే కలిపెయ్యి అమ్మాయ్" అన్నారు. అంతే. ఇంకెవరికీ చెప్పద్దని ఆయన అనలేదు, నేనూ చెప్పలేదు.

మర్నాటి నించి నేను కలిపాను. కాఫీ కలపడం బ్రహ్మవిద్యేం కాదు. కానీ ఆయన నాలుగున్నరకి లేవడం మానలేదు. లేచి, లైటు వెయ్యకుండా వీధి వరండాలో కూర్చునేవారు. నేను వంటింట్లో చప్పుడు చేసేదాకా ఆ చీకట్లో అలాగే ఉండేవారు. ఇక అత్తయ్యగారు. నా పోతకి నురగ అంతంతమాత్రంగా వస్తుంది. నలభై ఏళ్లకి పైగా నురగ లేని గ్లాసుని వెనక్కి తోసిన మనిషి, నేనిచ్చిన గ్లాసు ఒక్కసారి కూడా తొయ్యలేదు. "నురగదేముంది, కాఫీ కాఫీయే" అన్నారొకరోజు, మావయ్యగారికి వినబడేలా. ఆయన పేపరు తిప్పుకున్నారు. నాకు ఆ రోజు ఆవిడ సణుగుడు ఎంత అవసరమో అర్థమైంది.

నేను బీఏలో తెలుగు చదివాను కదా, ఇలాంటప్పుడు పాత కథలేవో గుర్తొస్తుంటాయి. భారతం ఆదిపర్వంలో ధౌమ్యుడి శిష్యుడు ఉపమన్యుడి కథ ఉంది. గురువుగారు భిక్షాన్నం తినద్దన్నారు, ఆవుల పాలు తాగద్దన్నారు. అప్పుడు ఆ కుర్రాడు దూడలు పాలు తాగుతున్నప్పుడు మూతుల నించి కారే నురగ తాగి బతికాడు. గురువుగారు అదీ వద్దన్నారు. ఎందుకంటే, నీ మీద దయకొద్దీ ఆ దూడలు తమ కడుపు మాడ్చుకుని నీకోసం ఎక్కువ నురగ వదులుతాయి, అన్నారు. ఇంట్లో మేమందరం ఆ దూడల్లా తయారయ్యామనిపించింది. నేను పని తీసేసుకున్నాను, అత్తయ్యగారు రుచి మానేసుకున్నారు, మావారు "నాన్నా, మీరు హాయిగా పడుకోండి" అన్నారు. అంతా దయే. ఆ దయ మధ్య ఆయన చీకట్లో కూర్చుంటున్నారు.

బెంగళూరులో ఉద్యోగంలో చేరిన మా అమ్మాయితో ఫోన్‌లో చెప్పాను. "ఫ్రాదర్ కొనొచ్చు కదమ్మా, తాతయ్య తిరగబొయ్యక్కర్లేదు" అంది. దానికి ఎస్ప్రెస్సో మిషనుండాలి కదే అన్నాను. హోటల్లో చూశాను కదా, పెద్ద మిషను పక్కనించి ఒక గొట్టం వచ్చి పాలల్లో బుస్సుమంటుంది. అది వివరంగా చెప్పింది. ఆ మిషను రెండు పనులు చేస్తుంది. సుమారు 9 బార్ల ఒత్తిడితో వేణ్నీళ్లని మెత్తటి కాఫీ పొడిలోంచి నెట్టి చిక్కటి డికాషన్ తీస్తుంది. ఆ పక్క గొట్టం ఆవిరితో పాలని కాచి నురగ తెప్పిస్తుంది. మొదటి పనికి మనకి ఫిల్టరుంది. ఒత్తిడి లేకపోయినా, రాత్రంతా చుక్కచుక్కగా దిగి చిక్కగానే వస్తుంది. ఇంక కావలసింది రెండో పని ఒక్కటే. దానికి విడిగా వస్తువులున్నాయి. అంటే మన గ్లాసూ గిన్నే ఇన్నాళ్లూ ఆ ఆవిరి గొట్టం పనే చేశాయన్నమాట! ఎత్తునించి పడే కాఫీ గాలిని తనతో లోపలికి లాక్కుపోతుంది. పాలల్లో ఉన్న ప్రోటీను ఆ గాలి బుడగల చుట్టూ పొరలా అల్లుకుని పట్టి ఉంచుతుంది. ఏ మిషనైనా చేసేది అదే, గాలిని పాలల్లోకి తొయ్యడం.

కొనేముందు ఇంట్లో ఉన్నవాటితో చూద్దామనుకున్నాను. మిక్సీలో వేడిపాలు తిప్పితే ఆవిరికి మూత ఎగిరింది. పైగా నాలుగున్నరకి మిక్సీ చప్పుడంటే వాడంతా లేస్తుంది. వేడిపాలు సీసాలో పోసి గిలక్కొట్టడం ఇంకా ప్రమాదం, ఆ పని మీరెవరూ చెయ్యకండి. చేతి కవ్వంతో మాత్రం నురగ బాగానే వచ్చింది. మావయ్యగారు కూడా అరచేతుల మధ్య పెట్టుకుని చిలికారు. కానీ నిమిషం తిరక్కుండానే ఆయన చేతులు అలిసిపోయాయి, గిన్నె జరిగిపోయింది.

తరవాత బ్యాటరీ కడ్డీ తెప్పించాను. మూడొందల చిల్లర. రెండు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. సన్నటి కడ్డీ చివర స్ప్రింగు చుట్ట ఉంటుంది. మొదటిరోజు నేను మీట నొక్కాక పాలల్లో ముంచాను. క్షీరసాగర మథనంలో ముందు హాలాహలం పుట్టినట్టు, నాకు ముందు పాలన్నీ మొహం మీదికొచ్చాయి. ముంచాకే మీట నొక్కాలి, ఆపాకే పైకి తియ్యాలి. చుట్టని ముందు పాల పైపైన ఉంచితే గాలి వెళ్తుంది, తరవాత లోపలికి దింపితే పెద్ద బుడగలు చితికి సన్నబడతాయి. పొడుగు గ్లాసులో మూడో వంతు పాలే పొయ్యాలి. ఇవన్నీ వచ్చాక అరనిమిషంలో నురగ. చవకలో ఒక్కరికీ ఇద్దరికీ ఇంతకన్నా మంచిది లేదు. చేతులు బాగున్నవాళ్లు ఇదే కొనుక్కోండి, ఇంకేం ఆలోచించకండి.

కానీ నేను కొన్నది మావయ్యగారి కోసం. ఆయన కడ్డీ పట్టుకుని స్టీలు గ్లాసులో ముంచారు. ఆయన చెయ్యి వణికినప్పుడల్లా అది గ్లాసు గోడకి తగిలి టకటకటకమని మోగింది. ఆ వేళప్పుడు ఆ చప్పుడు ఇల్లంతా వినబడింది. ఎవరికీ కనబడకుండా దాచుకున్న వణుకుని ఆ కడ్డీ చాటింపు వేసినట్టయింది. ఆయన మీట ఆపి, కడ్డీ కడిగి, గుడ్డతో తుడిచి నా చేతికిచ్చారు. "మంచి వస్తువే. నువ్వుంచుకో" అన్నారు.

వేసవిలో ఒక పెళ్లికని హైదరాబాదు వెళ్లి మా ఆడపడుచు ఇంట్లో దిగాం. వాళ్లింట్లో కరెంటు జగ్గుంది. అందులో పాలు పోసి, మూత పెట్టి, మీట నొక్కితే చాలు. అడుగున అయస్కాంతంతో తిరిగే చిన్న చుట్ట పాలని తిప్పుతుంది, అదే వేడి చేస్తుంది, అరవై అరవై అయిదు డిగ్రీల దగ్గర తనే ఆగిపోతుంది. నురగ పట్టుకుచ్చులాగా వచ్చింది, అబద్ధం చెప్పకూడదు. కొన్ని ఇబ్బందులున్నాయి. నురగకి వేరే గీత ఉంటుంది, ఆ గీత దాకా ఒక గ్లాసుకి సరిపడా పాలే పడతాయి. నలుగురింట్లో నాలుగు వాయిలు తిప్పాలి. కరెంటు పోతే అంతే సంగతులు. గొంతు కాలితే తప్ప కాఫీ తాగినట్టుండని మా అత్తయ్యగారి లాంటివాళ్లకి ఆ వేడి చాలదు. అయినా వణికే చేతులకి ఇదే సరైంది కదా అనుకుని, కొందామా అని మావయ్యగారిని అడిగాను. ఆయన జగ్గు వైపు కాసేపు చూసి, "మీట నొక్కితే అయిపోయేదానికి నేనెందుకమ్మాయ్? ఎవరు నొక్కినా ఒకటే" అన్నారు.

నేను అప్పటిదాకా చూస్తున్నది ఏది తక్కువ శ్రమ, ఏది ఎక్కువ నురగ అని. ఆయనకి కావలసింది శ్రమ లేకపోవడం కాదు. తన చెయ్యి పడాలి, తన చెయ్యి పడ్డందుకు కాఫీ బాగుండాలి. అలాంటి పని మిగిల్చే వస్తువు కావాలి.

అప్పుడు పంపు జాడీ దొరికింది. ఫ్రెంచ్ ప్రెస్ అని కాఫీ తీసుకునే గాజు జాడీ ఉంటుంది చూశారా, జల్లెడ బిళ్లని కడ్డీతో కిందికి నొక్కుతారు. 1929లో ఇటలీవాళ్లు పేటెంటు తీసుకున్న పద్ధతి అది. అందులో డికాషనే కాదు, పాలు పోసి ఆ కడ్డీని పైకీ కిందికీ ఆడిస్తే నురగా వస్తుంది. పాలకోసమనే విడిగా స్టీలుతో చేసినవి, రెండు జల్లెళ్లున్నవి కూడా అమ్ముతున్నారు. గాజుది వద్దనుకుని స్టీలుది తెప్పించాను. సెల్లులక్కర్లేదు, కరెంటక్కర్లేదు, చప్పుడు లేదు. మూత ఉంటుంది కాబట్టి జాడీ వణికినా పాలు చిందవు.

మావయ్యగారు పెట్టె విప్పి, జాడీని స్టవ్వు గట్టు మీద పెట్టి, కడ్డీ గుండుని పట్టుకుని ఒకసారి పైకి లాగారు. ఒకసారి కిందికి నొక్కారు. ఖాళీ జాడీయే. మళ్లీ లాగారు. తరవాత గోడకి తగిలించిన మసిగుడ్డ తీసి, గుండు చుట్టూ మడిచి, దాని మీంచి పట్టుకున్నారు. వేడిగా లేదు కదా మావయ్యగారూ అన్నాను. "లీవరుని ఉత్తి చేత్తో పట్టుకోకూడదమ్మా. చెమటకి తుప్పు పడుతుంది" అన్నారు. స్టీలుకి తుప్పేమిటని నేను అనలేదు.

చిత్రమేమిటంటే, ఆ చేతులు ఒకటి జాడీ పిడి మీదా ఒకటి గుండు మీదా ఉండి, మోచేతులు రెండూ గట్టుకి ఆనించి నొక్కుతుంటే వణుకు చాలావరకు తెలియలేదు. గాల్లో నిలబెట్టాల్సిన చెయ్యి వణుకుతుంది గానీ, దేనికో ఒకదానికి ఆనుకున్న చెయ్యి నిలబడుతుంది. ఆ సంగతి నేను కొన్న తరవాత తెలుసుకున్నాను, ముందే తెలిస్తే మూడు నెలలు పట్టేది కాదు.

ఇక మా ఆడపడుచు. అన్నయ్య ద్వారా విని ఫోన్ చేసింది. "వదినా, నాన్నకి ఇప్పుడు డెబ్భై ఏడు. మళ్లీ వంటింట్లోకి పంపుతున్నావా? నా జగ్గు పంపిస్తానంటే వద్దన్నారట. చెయ్యి కాల్చుకుంటే ఏం చేస్తావు? చూసేవాళ్లు ఏమనుకుంటారు, కోడలు పెద్దాయన చేత చాకిరీ చేయిస్తోందనరా?" అంది. కనుమనాటి సంగతి దానికి తెలీదు. తెలిస్తే ఇంకెంత మాట అనేదో. నాకు కోపం రాలేదు. తండ్రి కాబట్టి అడిగింది. నేనైనా అడుగుతాను. "కాలకుండా ఏం చెయ్యాలో చూస్తున్నాను, చూశాకే మొదలుపెడతాం" అని మాత్రం అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏదైనా జరిగితే మాట వచ్చేది నాకే.

అందుకని వారం రోజులు ఇద్దరం సాయంత్రం పూట, ఎవరూ లేనప్పుడు, అభ్యాసం చేశాం. ఆయన వేడిపాల గిన్నె ఎత్తి వంచకూడదు, అది మొదటి నియమం. కాచి చల్లార్చిన పాలు మీగడ తీసి, వడకట్టి, రాత్రే జాడీలో మూడో వంతు పోసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. పొద్దున్నే వెడల్పాటి గిన్నెలో నీళ్లు కాగుతుంటే అందులో జాడీని నిలబెడతారు, పక్కనే డికాషన్ గిన్నె. పాలు ఆ వేణ్నీళ్ల వేడికి వేడెక్కుతాయి, పొంగవు, అడుగంటవు. ఇందుకే ఒక్క గోడ జాడీ తీసుకోవాలి, రెండు గోడల జాడీ అయితే వేడి లోపలికి ఎక్కదు. స్టవ్వు ఆపేశాకే జాడీని పిడి పట్టి ఎత్తి, అంచున్న పళ్లెంలో తడిగుడ్డ మీద పెడతారు, ఇక జారదు. మొదటి నాలుగైదు పోట్లు మెల్లగా వెయ్యాలి, వేడిపాలని ఒక్కసారి గట్టిగా నొక్కితే మూత పక్కనించి చిమ్ముతాయి. తరవాత పాతిక ముప్ఫై పోట్లు. జాడీని గట్టు మీద ఒకసారి టక్కున తట్టితే పెద్ద బుడగలు పగిలిపోతాయి. వంపేటప్పుడు జాడీ మూతిని గ్లాసు అంచుకి ఆనించి వంపాలి. ఆ ఒక్క కిటుకుతో ఒలకడం ఆగిపోయింది.

పాల విషయం కూడా చెప్పాలి, చాలామంది అడుగుతారు. నురగ నిలబెట్టేది ప్రోటీను, దాన్ని మెత్తగా కమ్మగా చేసేది కొవ్వు. ప్యాకెట్లలో టోన్డ్ పాలకి 3 శాతం కొవ్వు, ఫుల్ క్రీమ్‌కి 6 శాతం ఉండాలని లెక్క. టోన్డ్ పాలకి నురగ ఎక్కువ ఎత్తు లేస్తుంది, పెళుసుగా ఉండి త్వరగా చచ్చిపోతుంది. మాకు పాలాయన పోసే గేదె పాలు ఇంకా చిక్కన. నురగ తక్కువే లేస్తుంది గానీ, చివరి గుక్క దాకా ఉంటుంది. మీగడ తునకలుంటే నురగ విరిగిపోతుంది, వడకట్టడం మానకండి. పాలు మరీ మరిగించకూడదు. వేలు పెట్టి అమ్మో అని తీసేసేంత వేడి చాలు. వేడి చాలదనే మా అత్తయ్యగారి లాంటివాళ్లకి డికాషన్ పొగలు కక్కేలా పెట్టుకుంటే సరిపోతుంది. జాడీని అప్పటికప్పుడే జల్లెడ విప్పి కడగాలి. ఆరిన పాలు ఆ కన్నాల్లో ఇరుక్కుంటే మర్నాటికి వాసనొస్తుంది.

పొడి మారిస్తే బాగుంటుందేమోనని అరకు కాఫీ కూడా తెప్పించాను. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన మన్యంలో పండిన పంట, తాగాలి కదా. నల్ల కాఫీకి అది ఎంతో బాగుంది. కానీ మా ఇంటి పాల కాఫీకి చికోరీ కలిసిన పాత పొడే కావాలని ఇద్దరు పెద్దవాళ్లూ ఒక్క మాట మీద నిలబడ్డారు. సరేనన్నాను. ఇంటికి కొత్త వస్తువు ఒకేసారి ఒకటి వస్తేనే నిలుస్తుంది.

ఆషాఢంలో ఒక బుధవారం తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. పోత చప్పుడు కాదు. గుబుక్ గుబుక్‌మని, మెత్తగా, తాపీగా, లెక్కపెట్టినట్టు వినబడింది. లేచి వెళ్లాలనిపించింది. కాలిందేమో, జారిందేమో, స్టవ్వు ఆపారో లేదో. మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను గానీ లేవలేదు. మావారు కూడా మెలకువగానే ఉన్నారు, కళ్లు మూసుకుని. తరవాత టక్కుమని జాడీ గట్టుకి తట్టిన చప్పుడు. ఇంకాసేపటికి, "అమ్మాయ్, కాఫీ" అని పిలుపు.

నా గ్లాసు పీట దగ్గర ఉంది. పళ్లెంలో నాలుగు చుక్కలు ఒలికాయి, గ్లాసులో వేలెడు నురగ నిలబడింది. ఆయన రెండు చేతులతో అత్తయ్యగారి గ్లాసు పట్టుకుని, గోడ వారగా నడుస్తూ ఆవిడ గదిలోకి వెళ్లారు. నేను గుమ్మం దగ్గర ఆగాను.

అత్తయ్యగారు లేచి కూర్చుని, గ్లాసు అందుకుని, నురగ వైపు చూశారు. ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. ఆర్నెల్లుగా ఒక్క వంక పెట్టని మనిషి గ్లాసుని ఆయన వైపు తోసి, "పంచదార మర్చిపోయారు. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అన్నారు.

"తెస్తానుండు" అని ఆయన వంటింట్లోకి నడిచారు.

దసరాకి మా ఆడపడుచు వచ్చింది. పొద్దున్నే వాళ్ల నాన్న కలిపిన కాఫీ తాగింది. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చి, ఆ జాడీని అటూ ఇటూ తిప్పి చూసి, "పిడి దగ్గర కొంచెం కాలుతోంది వదినా, దీనికేదైనా చుట్టాలి" అంది. నా పాత వాయిలు చీర అంచు చింపి ఇచ్చాను. తనే చుట్టి, కుట్టింది.